పట్టుకోవడం లేని ఆట: శ్రీకాకుళంలో వేసవి సెలవుల్లో చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. పిల్లలూ, ముందుకి వచ్చి కింద కూర్చోండి, కుర్చీలు పెద్దవాళ్లకి వదిలెయ్యండి. ఫ్యాను కిందే ఉండాలని అందరూ ఒక మూలకి చేరితే తెర కనపడదు మరి.

ఇవాళ నేను ఒక వీడియో గేమ్ గురించి మాట్లాడతాను. సెలవులిచ్చిన దగ్గర్నుంచి పిల్లల చేతిలోంచి ఫోన్ లాక్కోవడమే పెద్ద పనైపోయింది, మళ్లీ ఈ టీచరమ్మ వచ్చి ఆటలంటుందేమిటి అని వెనక కూర్చున్న అమ్మలు అనుకుంటూ ఉండొచ్చు. ఆ టెన్షన్ నాకు తెలుసు, మా ఇంట్లోనూ అదే గొడవ. ఆటలన్నీ మంచివని చెప్పడానికి నేను రాలేదు. ఒకే ఒక్క ఆట గురించి, అది కూడా ఇరవై ఏళ్ల కిందటి పాత ఆట గురించి చెప్తాను. నేను బడిలో జీవశాస్త్రం చెప్తాను. ఆవాసం అనే పాఠం పిల్లల బుర్రకెక్కించడానికి ఇంతకన్నా మంచి సాధనం నాకు ఇంతవరకూ దొరకలేదు. ఊరికే అనడం లేదు, ఎందుకో వివరంగా చెప్తాను.

ఆట పేరు వివా పిన్యాటా. ఇంగ్లండులో ట్వైక్రాస్ అనే పల్లెటూరి దగ్గర రేర్ అనే కంపెనీ ఉంది, స్టాంపర్ అన్నదమ్ములు 1985లో మొదలుపెట్టారు, 2002లో దాన్ని మైక్రోసాఫ్ట్ 37.5 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. ఆ అన్నదమ్ముల్లో టిమ్ స్టాంపర్‌కి జేబులో పట్టే చిన్న కంప్యూటర్ మీద ఆడుకునే తోటపని ఆట చెయ్యాలని ఒక ఆలోచన వచ్చింది. అదే పెరిగి పెద్దదై 2006 నవంబరులో ఎక్స్‌బాక్స్ 360 అనే ఆటల మిషన్ మీద వివా పిన్యాటాగా బయటికొచ్చింది. అమెరికాలో అదే వారం అదే మిషన్ మీద గేర్స్ ఆఫ్ వార్ అనే తుపాకుల ఆట కూడా విడుదలైంది, ఇంక చూపంతా ఎటు పోయుంటుందో మీరే ఊహించుకోండి. నాకైతే ఆ రెండు ఆటల్నీ పక్కపక్కన పెట్టి చూడటం ఇష్టం. ఒకదాంట్లో కనపడిన ప్రాణినల్లా కాల్చాలి, రెండోదాంట్లో ఒక పిచ్చుక మన తోటలోకి వస్తే చాలు, ఆ రోజుకి గెలిచినట్టే.

పిన్యాటా అంటే మెక్సికోలో పండగలకీ పుట్టినరోజులకీ కట్టే కాగితపు బొమ్మ. లోపల మిఠాయిలు పోసి వేలాడదీస్తారు, పిల్లలు కళ్లకి గంతలు కట్టుకుని కర్రతో కొట్టి పగలగొడతారు, మన కృష్ణాష్టమి ఉట్టి లాంటిదన్నమాట. ఈ ఆటలో జంతువులన్నీ అలాంటి రంగు కాగితాల బొమ్మలే, కానీ ప్రాణంతో తిరుగుతుంటాయి. 60కి పైగా రకాలున్నాయి. వానపాము ఉంది, దాని పేరు విర్ల్మ్. పిచ్చుక ఉంది, స్పారోమింట్. ఎలుక పేరు మౌస్‌మాలో, కుందేలు పేరు బన్నీకోంబ్, పాము సిరపెంట్, బాతు క్వాక్‌బెర్రీ. పేర్లన్నీ మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, పిల్లలు ఒక గంట ఆడితే వాళ్లే మీకు అప్పజెప్తారు.

ఇక ఆట ఎలా మొదలవుతుందంటే, మీకు ఒక స్థలం ఇస్తారు. తోట అంటారు గాని అందులో తోట అనదగ్గది ఏమీ ఉండదు. నేల రాయిలా గట్టిపడిపోయి ఉంటుంది, ఎక్కడ చూసినా చెత్త, విరిగిన సామాను. లీఫోస్ అనే అమ్మాయి వచ్చి పలకరించి ఏం చెయ్యాలో చెప్తుంది. చేతిలో ఒక పార ఉంటుంది, నేల పగలగొట్టి గుల్ల చెయ్యాలి, చెత్త తియ్యాలి, గడ్డి విత్తనం చల్లాలి. అలా కొంత నేల బాగుపడగానే మొట్టమొదట వచ్చే ప్రాణి ఏది? వానపాము! ఏనుగు కాదు, గుర్రం కాదు, ఒంటికొమ్ము గుర్రం కాదు, అవన్నీ తర్వాతెప్పుడో వస్తాయి. ముందు వానపాము. ఈ ఆట చేసినవాళ్లకి నేల సంగతి తెలుసు అని నాకు అక్కడే నమ్మకం కుదిరింది. వానపాములున్నాయి కాబట్టి తర్వాత వాటిని తినడానికి పిచ్చుక వస్తుంది. మీరు పిచ్చుకని పిలవలేదు, కొనలేదు, గింజలు చూపించి పట్టుకోలేదు. నేల బాగుచేశారు, అంతే.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు సంగతికి వస్తున్నాను, పెద్దవాళ్లు కూడా కాస్త వినండి.

ఈ ఆటలో ఒక ప్రాణి తోటకి చేరడం ఒక్కసారిగా జరగదు, మెట్లుంటాయి. మొదటి మెట్టు, అది తోట అంచుల్లో కనపడటం. అప్పుడు దాని ఒంటిమీద రంగు ఉండదు, నలుపు తెలుపుల్లో ఉంటుంది, బయట తచ్చాడుతూ ఉంటుంది. రెండో మెట్టు, లోపలికి రావడం, అంటే చుట్టపుచూపుగా వచ్చి తిరిగి వెళ్లిపోవడం. మూడో మెట్టు, ఉండిపోవడం. దానికి కావలసినవి అన్నీ కుదిరాయనుకోండి, ఒళ్లంతా రంగులు వచ్చేస్తాయి, అప్పట్నుంచి అది మీ తోట ప్రాణి, మీరు దానికి పేరు కూడా పెట్టుకోవచ్చు. నాలుగో మెట్టు, జతకట్టి పిల్లల్ని పెట్టడం. దానికి ఆ జాతికి తగ్గ ఇల్లు కట్టించాలి, అలాంటివి రెండు ఉండాలి, వాటికి కావలసిన తిండి దొరకాలి. ఈ నాలుగు మెట్లకీ నాలుగు రకాల షరతులు. ఒకదానికి క్యారెట్ కావాలి, ఒకదానికి తోటలో ఇంత భాగం నీళ్లుండాలి, ఇంకోదానికి ఇంత భాగం గడ్డి ఉండాలి, మరోదానికి ఫలానా పువ్వు ఉండాలి. తెర మీద ప్రతిదానికీ ఒక పేజీ ఉంటుంది, అందులో చూసుకోవచ్చు.

కనపడటం వేరు, రావడం వేరు, ఉండిపోవడం వేరు, పిల్లల్ని పెట్టడం వేరు. ఇది తెలిస్తే సగం జీవావరణ శాస్త్రం తెలిసినట్టే. మనం పెద్దవాళ్లం కూడా ఈ నాలుగింటినీ కలిపేసి, మా ఇంటికి పిట్టలొస్తాయండీ అని ఒక్క మాటలో తేల్చేస్తాం.

పిచ్చుకల్నే తీసుకోండి. కోతలయ్యాక వరి కంకులు కుచ్చులుగా కట్టి చూరుకి వేలాడదీయడం మన ఊళ్లలో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ కుచ్చు పిచ్చుకని రప్పిస్తుంది, అది రెండో మెట్టు. కానీ అది ఉండిపోవాలంటే గూడు పెట్టుకునే సందు కావాలి, పెంకుటిల్లు అయితే వాసాల మధ్య, దూలం పక్కన దానికి కావలసినంత చోటు ఉండేది. ఇప్పుడు స్లాబు వేసి, పుట్టీ పెట్టి, గాలి దూరే సందు లేకుండా నున్నగా చేశాం. సరే, చెక్క పెట్టె కట్టి గూడు ఇచ్చాం అనుకుందాం. ఇంకో షరతు ఉంది, చాలామంది మర్చిపోయేది. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది గాని, దాని పిల్లలకి పెట్టేది ఎక్కువగా పురుగులే. పెరట్లో మందు కొట్టి ఒక్క పురుగు లేకుండా చేసుకుంటే పిచ్చుక వస్తుంది, గింజలు తింటుంది, వెళ్లిపోతుంది. నాలుగో మెట్టు ఎక్కదు. ఈ సంగతి నేను క్లాసులో బోర్డు మీద రాసినప్పుడు పిల్లలు నోట్సులో ఎక్కించుకున్నారు, అంతే. అదే ఈ ఆట ఆడిన పిల్లలకి చెప్తే, అయితే పిచ్చుకకి ఇల్లు ఉంది గాని తిండి షరతు కుదరలేదన్నమాట టీచర్, అని వాళ్లే పూర్తి చేశారు.

ఇంకో ఉదాహరణ. ఇది మీ అందరి ఇంట్లోనూ ఉంది. కరివేపాకు మొక్క. లేత ఆకుల మీద పిట్ట రెట్ట పడినట్టు నలుపు తెలుపు మచ్చలతో చిన్న పురుగు కనిపిస్తుంది, చూశారా? అది రెట్ట కాదు, గొంగళిపురుగు. పిట్టలు తినకుండా ఆ వేషం. కాస్త పెరిగాక పచ్చగా ఆకు రంగులోకి మారుతుంది, వేలితో తాకితే తలవెనక నుంచి కొమ్ముల్లాంటివి బయటికి తీస్తుంది, ఒక ఘాటు వాసన వస్తుంది. మన కరివేపాకు మీద, నిమ్మ మీద, మారేడు మీద అలా పెరిగేవి రెక్కల మీద మంచి మచ్చలుండే పెద్ద సీతాకోకచిలుకలు. మనం ఏం చేస్తాం? అమ్మో పురుగు అని ఆకు తుంచి పారేస్తాం. తర్వాత అదే చేత్తో నర్సరీకి వెళ్లి సీతాకోకచిలుకలు వస్తాయని పూలమొక్కలు కొనుక్కొస్తాం. పూలు దాన్ని చుట్టంగా పిలుస్తాయి. ఇక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని పెంచాలంటే ఆకు కావాలి, అదీ ఏ ఆకు పడితే ఆ ఆకు కాదు. జిల్లేడు చూడండి. రథసప్తమి నాడు అరసవల్లి వెళ్లేముందు జిల్లేడాకులు తలమీద, భుజాలమీద పెట్టుకుని స్నానం చేస్తాం, ఆ ఒక్క రోజూ అది పవిత్రం, మర్నాటి నుంచి రోడ్డు పక్క పిచ్చిమొక్క. నారింజ రంగు రెక్కలకి నల్ల అంచు ఉండే సీతాకోకచిలుక ఒకటుంది, ప్లెయిన్ టైగర్ అంటారు, దాని పిల్ల జిల్లేడు జాతి మొక్కల ఆకులే తిని బతుకుతుంది. జిల్లేడు పీకేసిన వీధిలో అది ఎగురుతూ కనపడొచ్చు, కాని అక్కడ పుట్టదు.

మన జిల్లాలో ఈ మెట్లని కళ్లారా చూడగలిగిన ఊళ్లు రెండున్నాయి, పిల్లల్ని తీసుకెళ్లనివాళ్లు తప్పకుండా తీసుకెళ్లండి. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి, టెక్కలి దగ్గర తేలినీలాపురం. తేలుకుంచికి వానలు మొదలయ్యే వేళకి ఓపెన్‌బిల్ కొంగలు వస్తాయి, ముక్కు మూసినా మధ్యలో సందు ఉండిపోతుంది, అదే గుర్తు. వాటి తిండి నత్తలు. వానాకాలం, వరిచేలు, చేల నిండా నత్తలు, ఊళ్లో ఇళ్ల మధ్య పెద్ద చింతచెట్లు. తిండి షరతు, ఇంటి షరతు రెండూ ఒక్కచోట కుదిరాయి. ఇంకొకటి కూడా కుదిరింది, అది ఏ ఆటలోనూ ఉండదు. ఊరి జనం వాటిని తరమరు. ఇంటి ముందు చెట్టు మీద వందల కొంగలు గూళ్లు పెడితే ఎలా ఉంటుందో ఆలోచించండి, ఆ రెట్టలు, ఆ వాసన, ఆ గోల, అయినా ఊరివాళ్లు వాటిని మా పిట్టలు అంటారు. ఈ ఆటలో చెట్టు కింద ఆరేసిన బట్టలు చూసుకోవలసిన పని లేదు. తేలుకుంచిలో ఉంది. అందుకే నాకు తేలుకుంచి జనమంటే గౌరవం.

తేలినీలాపురానికి వచ్చేవి పెలికాన్లు అనే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఇవి సైబీరియా నుంచి వస్తాయని తరచూ రాస్తుంటారు, మీరు కూడా అలాగే విని ఉంటారు. మన మెట్ల లెక్కతో ఒక్కసారి ఆలోచించి చూడండి. చలికాలంలో ఉత్తరదేశాల నుంచి మన చెరువులకి బాతులు నిజంగానే వస్తాయి, తింటాయి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి, గూళ్లు మాత్రం వాటి దేశంలోనే పెట్టుకుంటాయి. అవి చుట్టాలు. మరి తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్లమీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతున్నాయి కదా? అంటే అవి ఇక్కడివే. ఈ రెండు జాతులూ దక్షిణాసియా పక్షులే, తిండి దొరికే చోట్లని బట్టి తిరుగుతుంటాయి, పిల్లల్ని పెట్టే కాలానికి ఇక్కడికి చేరతాయి. దగ్గర్లోనే నౌపడ తంపర, అంటే చిత్తడి నేల, ఉప్పుటేరులు, వాటిల్లో చేపలు. ఊళ్లో చెట్లు. నౌపడ తంపర పూడ్చేసి తేలినీలాపురంలో చెట్లకి ఎన్ని కంచెలు వేసినా అవి రావు. అలాగే చెట్లు కొట్టేసి చేపలు మాత్రం ఉంచినా, వచ్చి తిని పోతాయే గాని గూడు కట్టవు. పక్షుల కేంద్రం అంటే ఆ నాలుగు చెట్లే అనుకుంటాం, చుట్టూ ఉన్న నీళ్లని వదిలేస్తాం.

ఇక్కడ ఒక నాన్నగారు చెయ్యెత్తారు, అడగండి సార్.

(సభలోంచి ఒకరు: ఇన్ని ఉదాహరణలు మన పక్కనే ఉన్నప్పుడు ఆటెందుకు టీచర్ గారూ, నేరుగా పెరట్లోకి పంపిస్తే సరిపోదా?)

పంపించండి. పెరడు ఉన్నవాళ్లు తప్పకుండా పంపించండి, ఆట కన్నా అదే మంచిది. కాని రెండు సంగతులు. ఒకటి, ఇవాళ ఈ టౌన్లో ఎంతమంది పిల్లలకి పెరడు ఉంది? మూడో అంతస్తులో అద్దె వాటా, బాల్కనీలో వాషింగ్ మిషన్. రెండోది ఇంకా ముఖ్యం. పెరట్లోకి వెళ్లిన పిల్లకి ఏం కనపడుతుంది అన్నది తను ఏ ప్రశ్నతో వెళ్లింది అన్నదాని మీద ఉంటుంది. ప్రశ్న లేకుండా వెళ్తే పురుగు కనపడుతుంది, చీమలు కనపడతాయి, కాసేపటికి విసుగొచ్చి లోపలికి వచ్చేస్తుంది. ఈ ఆట ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడిగిస్తుంది, ఇది దేనికోసం వచ్చింది, ఇది ఉండిపోవాలంటే ఇంకా ఏం కావాలి? ఆ ప్రశ్న పట్టుకుని పెరట్లోకి వెళ్లిన పిల్ల గంటసేపైనా కదలదు. నేను నా పిల్లల్లో, అంటే బడి పిల్లల్లో, చూసిందే చెప్తున్నాను సార్.

సరే, అమ్మలు నన్ను ఎక్కువగా అడిగే విషయానికి వద్దాం. ఇందులో కొట్టుకోవడాలు, చంపుకోవడాలు ఉంటాయా? అమెరికాలో ఆటలకి వయసు ముద్ర వేసే పద్ధతి ఉంది, దాని ప్రకారం ఇది అందరూ ఆడదగ్గ ఆట. రక్తం లేదు. కానీ ఒక ప్రాణి ఇంకో ప్రాణిని తింటుంది. పిచ్చుక వానపాముని తింటుంది, పాము ఎలుకని తింటుంది. తిన్నప్పుడు కాగితపు బొమ్మ పగిలి మిఠాయిలు చెల్లాచెదురౌతాయి, అంతే. అయినా చిన్నపిల్లలు ఏడుస్తారు. పేరు పెట్టి, ఇల్లు కట్టించి పెంచుకున్న మౌస్‌మాలోని పాముకి ఆహారంగా పంపాలంటే బాధ ఉండదా? సిరపెంట్ తోటలో ఉండిపోవాలంటే మాత్రం ఎలుక కావాలి, వేరే దారి లేదు. దీన్ని దాచకపోవడం ఈ ఆటలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం. పిల్లలకని చేసే చాలా బొమ్మల ఆటల్లో పులీ జింకా చెట్టాపట్టాలేసుకుని తిరుగుతాయి. అది అబద్ధం, ఆ అబద్ధంతో పెరిగిన పిల్లలకి పామంటే దుర్మార్గం, కుందేలంటే మంచితనం అనిపిస్తుంది. ఈ ఆటలో ఏడ్చిన పిల్ల మర్నాడు ఇంకో నాలుగు ఎలుకల్ని పెంచుతుంది, ఎందుకంటే పాము ఉండాలంటే ఎలుకలు ఎక్కువ ఉండాలని తనకి అర్థమైంది. పిల్ల ఏడుస్తుంటే పక్కన కూర్చోండి, ఆట కట్టెయ్యకండి. పాము లేని చేలో ఎలుకలు ఏం చేస్తాయో మీ ఇంట్లో రైతులుంటే వాళ్లచేత చెప్పించండి.

ఒకటి మాత్రం ముందే చెప్పాలి. చేతిలో పార ఉంది కాబట్టి దాంతో తోటలో ప్రాణుల్ని కొట్టడం కూడా కుదురుతుంది. కొందరు పిల్లలు మొదటిరోజు అదే పని చేస్తారు. కంగారు పడకండి, తిట్టకండి, తోట ఖాళీ అయిపోతే వాళ్లకే ఏమీ తోచదు.

పుల్లటి పిన్యాటాలని కొన్నుంటాయి, ఎరుపు నలుపు రంగుల్లో, తోటలోకి చొరబడి విషపు మిఠాయి పడేసి పోతాయి, దాన్ని తిన్న ప్రాణికి జబ్బు చేస్తుంది. జబ్బుపడ్డదాన్ని డాక్టరు దగ్గర చూపించకపోతే డాస్టర్డోస్ అనే ముసుగువాడు వచ్చి పగలగొట్టేస్తాడు, పిల్లలందరికీ వాడంటే హడల్. ఈ పుల్లటివాటిని కొట్టి తరమొచ్చు. కాని వాటికీ షరతులున్నాయి. అవి కోరే తిండి, అవి కోరే వస్తువులు తోటలో ఉంచితే పుల్లటిది కాస్తా మామూలు ప్రాణిగా మారి తోటలో ఉండిపోతుంది, ఆ జాతి బెడద అంతటితో వదిలిపోతుంది. నా క్లాసులో ఎప్పుడూ వెనక బెంచీలో గొడవ చేసే గుంటడు ఒకడు ఈ సంగతి కనిపెట్టి క్లాసంతటికీ చెప్పాడు, వాడు అంత ఓపిగ్గా ఏదైనా వివరించడం నేను అప్పుడే చూశాను.

నీళ్ల సంగతి ఒక్క మాట. మొక్కకి తక్కువ నీళ్లు పోస్తే ఎండిపోతుంది, ఎక్కువ పోస్తే కుళ్లిపోతుంది. తులసికోటలో రోజూ చెంబుడు నీళ్లు గుమ్మరించే ఇళ్లలో పిల్లలకి ఇది ఆటలోనే తెలిసొస్తోంది.

ఇప్పుడు ఆటలో నాకు ఒప్పుదల కాని విషయాలు కూడా చెప్పాలి.

మొదటిది కాలం. ఆటలో విత్తనం నాటితే కళ్లముందే చెట్టు అవుతుంది. వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక పాప, ఆట మొదట్లో ఆ పాడుపడ్డ నేల చూసి, "అదేటి టీచర్, తిత్లీ అప్పుడు మా జీడితోట ఇలాగే ఉండేదంట" అంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని ఎలా పడుకోబెట్టిందో ఇక్కడున్న పెద్దవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ పాప ఆటలో ఆ నేలని సాయంత్రానికి పచ్చగా చేసేసింది, సంతోషమే. కాని ఉద్దానంలో మళ్లీ నాటిన పొడవు రకం కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేళ్లు, ఎనిమిదేళ్లు పడుతుంది. ఆ ఎదురుచూపులు ఆటలో లేవు. కాబట్టి ఆటతోపాటు పిల్లల చేత ఒక్క మొక్కైనా నిజంగా నాటించండి, కుండీలో అయినా ఫరవాలేదు. ఒక చెట్టు పోతే ఎంత పోయిందో అప్పుడే తెలుస్తుంది.

రెండోది, ఆ నాలుగు మెట్లలో ఇమడని ప్రాణులున్నాయి. మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి, జనవరి నుంచి మార్చి దాకా, రాత్రిపూట ఇసుక ఒడ్డు ఎక్కి, గొయ్యి తీసి గుడ్లు పెట్టి, సముద్రంలోకి వెళ్లిపోతాయి. తల్లి వెనక్కి తిరిగి చూడదు. ఇక్కడ ఉండిపోవడం అనే మెట్టే లేదు, నేరుగా నాలుగోది. దానికి కావలసింది మనం ఇవ్వడం కాదు, మనం చెయ్యకపోవడం. ఇసుక తవ్వకుండా ఉండటం, ఒడ్డున లైట్లు వెయ్యకుండా ఉండటం, ఎందుకంటే గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుతురు ఉన్నవైపే నడుస్తాయి, సముద్రం బదులు రోడ్డువైపు పోతాయి. ఆటలో ఎప్పుడూ ఏదో ఒకటి చేస్తూనే ఉండాలి, ఊరుకోవడం కూడా ఒక పనే అని ఆ ఆటలో నేర్చుకోలేం.

మూడోది రెండో భాగం గురించి. 2008లో ట్రబుల్ ఇన్ ప్యారడైజ్ అని ఇంకొకటి చేశారు. అందులో డబ్బు గొడవ, ప్రమాదాలు లేకుండా ఊరికే ఆడుకునే పద్ధతి ఒకటి పెట్టారు, మరీ చిన్నపిల్లలకి అది చాలా మంచిది, అక్కడివరకూ మెచ్చుకుంటాను. కానీ ఎడారి, మంచు ప్రదేశం అని కొత్త చోట్లు పెట్టి, అక్కడి ప్రాణుల్ని ఎర వేసి బోనుల్లో పట్టి తోటకి తెచ్చుకునేలా చేశారు. నాకు అది అస్సలు నచ్చలేదు. మొదటి ఆటకి ఉన్న గొప్పతనమే పట్టుకోవడం లేకపోవడం. ప్రాణి కావాలంటే చోటు మార్చు, దాన్ని కాదు. బోను వచ్చాక ఆ ప్రాణి మనం తెచ్చుకున్న వస్తువైపోతుంది. ఇంట్లో చిలకని పంజరంలో పెట్టుకునేవాళ్లకి ఇది అర్థం కావాలి, మన రామచిలకని పట్టడం, అమ్మడం, పెంచడం మన దేశంలో చట్టప్రకారం నేరం కూడా. పెరట్లో జామచెట్టు వెయ్యండి, కాయలన్నీ కొయ్యకుండా నాలుగు వదలండి, చిలకలు వాటంతటవే వస్తాయి.

ఎక్కడ దొరుకుతుంది అని అడుగుతారు కాబట్టి అది కూడా చెప్పేస్తాను. మొదట వచ్చిన ఎక్స్‌బాక్స్ 360 ఇప్పుడు పాత మిషన్. 2015లో రేర్ కంపెనీకి ముప్ఫై ఏళ్లు నిండాయని వాళ్ల పాత ఆటలు ముప్ఫై కలిపి రేర్ రీప్లే అని ఒక కట్ట విడుదల చేశారు, అందులో ఈ రెండు పిన్యాటా ఆటలూ ఉన్నాయి, ఎక్స్‌బాక్స్ వన్ మీద ఆడొచ్చు. అందరి ఇళ్లలో అది ఉండదని నాకు తెలుసు, దీనికోసమని కొనొద్దు, అప్పుచేసి అసలు కొనొద్దు. స్నేహితుల ఇంట్లో ఉంటే నలుగురు పిల్లలు కూర్చుని ఒకే తోట పెంచుకోమనండి, ఒకరు చేస్తుంటే మిగతావాళ్లు సలహాలివ్వాలి, అసలు ఈ ఆట అలా ఆడితేనే బావుంటుంది. ఫోన్లో అయితే నేకో అత్సుమే అనే జపాను ఆట ఉంది, 2014లో వచ్చింది, ఇంకా చిన్నది, ఇంకా నెమ్మది. పెరట్లో తిండీ ఆటబొమ్మలూ పెట్టి ఫోన్ పక్కన పడెయ్యాలి, తర్వాత చూస్తే పిల్లులు వచ్చి ఉంటాయి, ఏ బొమ్మ పెడితే ఏ పిల్లి వస్తుందో గమనించాలి. మనం చూస్తూ కూర్చుంటే వచ్చేది ఏమీ లేదు కాబట్టి పిల్లలు ఫోన్ వదిలి లేస్తారు. ఫోన్ వదిలించే ఫోన్ ఆట నాకు తెలిసి ఇదొక్కటే.

ఎంతసేపు ఆడనివ్వాలి అంటే నేను గంటల లెక్క చెప్పను, మీ ఇల్లు మీకు తెలుసు. ఒక పద్ధతి మాత్రం చెప్తాను, మా బడిలో పనిచేసింది. ఆటలో ఒక కొత్త ప్రాణి వచ్చి ఉండిపోయిన ప్రతిసారీ ఆట ఆపి, బయట అలాంటి ప్రాణినే ఒకదాన్ని వెతకాలి. పిచ్చుక వచ్చిందా, నిజం పిచ్చుక ఈ వీధిలో ఎక్కడుందో చూసి రావాలి, ఏం తింటోంది, ఎక్కడ దూరుతోంది అని నోటుపుస్తకంలో ఆటలో ఉన్నట్టే నాలుగు గడులు గీసి నింపాలి. వాళ్లు నింపిన పేజీల్లో కొన్ని తెచ్చాను, ఆ బల్లమీద ఉన్నాయి, వెళ్లేటప్పుడు చూడండి. తూనీగ గురించి రాసిన పేజీ తప్పకుండా చూడండి, ఉండిపోవడానికి ఏం కావాలి అన్న గడిలో ఆ అబ్బాయి "మా వీధి చివర గుంటలో నీళ్లు, చెత్త వెయ్యకూడదు" అని రాశాడు. తూనీగ పిల్ల నీళ్లలోనే పెరుగుతుంది, దోమ పిల్లల్ని తింటుంది, నేను చెప్పకముందే వాడు చూసి తెలుసుకున్నాడు.

సరే, చాలాసేపు మాట్లాడాను, పిల్లలు కదులుతున్నారు. ఇప్పుడు తెర మీద ఆట మొదటినుంచి పెడుతున్నాను. ఖాళీ నేల, ఒక పార. ముందు ఎవరు వస్తారు? ఎర్ర గౌను అమ్మాయి, రా అమ్మా, ఈ కంట్రోలర్ పట్టుకో. మిగతావాళ్లు ఏం నాటాలో చెప్పండి, కాని ఒకరి తర్వాత ఒకరు.